గబ్బిలానికి ఎలుగుబంటి ఏమవుతుంది?

కాకి, ఎలుక, ఎలుగుబంటి. ఈ మూడింటిలో గబ్బిలానికి దగ్గరి చుట్టం ఏది?

కాకి అని మీలో ఎవరూ అనరు. గబ్బిలం గుడ్లు పెట్టదనీ, పిల్లల్ని కని పాలిచ్చి పెంచుతుందనీ, దాని ఒంటిమీద ఈకలకు బదులు వెంట్రుకలు ఉంటాయనీ మీ పాఠంలో చదివే ఉంటారు. ఎగిరినంత మాత్రాన పక్షి కాదు, అది క్షీరదం. మరి ఎలుకా, ఎలుగుబంటా? తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా చేతులన్నీ ఎలుక వైపే లేస్తాయి. అందులో ఆశ్చర్యం లేదు. చిన్న ముఖం, చిన్న పళ్ళు, బూడిదరంగు బొచ్చు చూస్తే ఎలుకకు రెక్కలు కట్టినట్టే ఉంటుంది.

సరైన జవాబు ఎలుగుబంటి.

నమ్మకం కుదరడం లేదు కదూ? నెమ్మదిగా చూద్దాం. పోలిక తేలిగ్గా ఉండడానికి మన ప్రాంతంలో దొరికే జంతువులనే తీసుకుందాం. ఒకటి నల్లమల అడవుల్లోనూ, శ్రీకాకుళం కొండల్లోనూ, ఇంకా చాలాచోట్ల తిరిగే మన నల్ల ఎలుగుబంటి. బాగా ఎదిగిన మగ ఎలుగు నూరు కిలోలు, ఒక్కోసారి అంతకు మించి తూగుతుంది. రెండోది సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఇంటి చూరులోంచీ, పాత గోడల పగుళ్ళలోంచీ బయటికొచ్చి వీధిలో గిరికీలు కొట్టే చిన్న గబ్బిలం. దాని బరువు మూడు నాలుగు గ్రాములు. చేతిలో పెట్టుకుంటే దాదాపు రూపాయి బిళ్ళంత బరువే ఉంటుందనుకోండి. (చేతిలో పెట్టుకోమని చెప్పడం లేదు. ఆ సంగతి తరవాత చెబుతాను.)

నూరు కిలోలంటే లక్ష గ్రాములు. గబ్బిలాన్ని 4 గ్రాములనుకుంటే, ఒక్క ఎలుగుబంటితో సరితూగాలంటే తక్కెడ రెండో పళ్ళెంలో 25 వేల గబ్బిలాలు వెయ్యాలి. ఇంత తేడా ఉన్న ఈ రెండింటికీ ఇష్టమైన ఆహారంలో ఒక వస్తువు మాత్రం ఒకటే. అది చెదపురుగు.

తొలకరి వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి రెక్కల పురుగులు గుంపులు గుంపులుగా లేచి దీపాల చుట్టూ మూగడం మీరు చూసే ఉంటారు. వాటిని ఉసిళ్ళంటారు. అవి వేరే పురుగులేమీ కావు. కొత్త పుట్టలు పెట్టడానికి బయలుదేరిన చెదలే. పుట్టలో ఉన్నంతకాలం చెదపురుగు ఎలుగుబంటి పాలు. రెక్కలొచ్చి గాలిలోకి లేచిందా, గబ్బిలం పాలు. ఒకే పురుగును పట్టుకోవడానికి ప్రకృతి ఈ రెండు జంతువులకూ ఎంత వేరువేరు పనిముట్లు ఇచ్చిందో చూడండి.

ఎలుగు ముందు పుట్టను వాసనతో పసిగడుతుంది. దాని చూపు అంతంతమాత్రం, వినికిడీ గొప్పది కాదు. ముక్కే దానికి దిక్కు. ముంగాళ్ళకు వంకర తిరిగిన పొడవాటి గోళ్ళున్నాయి. ఇనుములా గట్టిపడిన పుట్టను వాటితో పెళ్ళగిస్తుంది. తరవాత మూతి కన్నంలో పెట్టి ఉఫ్‌మని ఊది దుమ్మును చెదరగొడుతుంది. ఆ వెంటనే గట్టిగా పీలుస్తుంది. మిగతా ఎలుగుబంట్లకు పైదవడ ముందు భాగంలో ఆరు పళ్ళుంటే, మన ఎలుగుకు నాలుగే ఉంటాయి. సరిగ్గా మధ్యలో ఉండవలసిన రెండూ లేవు. ఆ సందులోంచి చెదలు గొట్టంలోంచి లాగినట్టు నోట్లోకి వచ్చిపడతాయి. పొడుగాటి కింది పెదవిని ముందుకు సాచి గరాటులా చేస్తుంది. దుమ్ము పోకుండా ముక్కురంధ్రాలు మూసుకోగలదు. ఈ పీల్చే చప్పుడు నూరు మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. అడవిలో తిరిగేవాళ్ళు ఎలుగును కంటితో చూడకముందే ఈ చప్పుడు విని దారి మార్చుకుంటారు.

ఆ గోళ్ళూ, ఆ పళ్ళసందూ ఒక పెద్ద శాస్త్రవేత్తనే తికమకపెట్టాయి. 1791లో జార్జి షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఈ జంతువును వర్ణిస్తూ, ఇది దక్షిణ అమెరికా చెట్లకు వేలాడే స్లాత్ అనే మందగొండి జంతువుకు బంధువని అనుకున్నాడు. అది పొరపాటని తరవాత తేలింది కాని పేరు మాత్రం వదలలేదు. ఇంగ్లీషువాళ్ళు ఈనాటికీ మన ఎలుగును స్లాత్ బేర్ అనే పిలుస్తారు. నిజానికి అది మందగొండేమీ కాదు. అవసరమైతే మనిషికన్నా వేగంగా పరిగెత్తుతుంది. తేనెపట్టు కోసం చెట్టు కూడా ఎక్కుతుంది.

ఇక గబ్బిలం సంగతి. చిమ్మచీకటి. ఉసిరెక్క పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. అది కూడా ఎగురుతూ ఉంటుంది. దాన్ని గబ్బిలం ఎలా కనిపెడుతుంది?

ఈ ప్రశ్న 1793లో ఇటలీలో స్పల్లంజానీ అనే మతగురువును పట్టుకుంది. పూర్తి చీకటి గదిలో గుడ్లగూబ గోడలకు గుద్దుకుంటుంటే గబ్బిలం మాత్రం హాయిగా తిరుగుతోందని ఆయన గమనించాడు. కళ్ళు పోయిన గబ్బిలాలు కూడా దేనికీ గుద్దుకోలేదు. మరుసటి ఏడు స్విట్జర్లండులో జూరిన్ అనే వైద్యుడు గబ్బిలాల చెవులు మూసి చూశాడు. అవి అడ్డమొచ్చిన ప్రతిదానికీ గుద్దుకున్నాయి. గబ్బిలం చెవులతో దారి తెలుసుకుంటోందన్నమాట! కాని గదిలో ఏ చప్పుడూ లేదే, అది వింటున్నదేమిటి? జవాబు చెప్పలేక ఆ కాలపు పెద్దలు ఈ ప్రయోగాలను పక్కన పెట్టేశారు. 1938లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి డోనాల్డ్ గ్రిఫిన్, మనిషి చెవికి అందని ధ్వనుల్ని పట్టే యంత్రం ముందు గబ్బిలాలను పెట్టేదాకా దాదాపు 145 ఏళ్ళపాటు అది అలాగే ఉండిపోయింది. నిశ్శబ్దమనుకున్న గదిలో నిజానికి అరుపులే అరుపులు!

మన చెవి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినగలదు. మన చూరు గబ్బిలం అరుపు దాదాపు 50 వేల కంపనాలు. అంత సన్నని గొంతు ఎందుకు? మీరు భౌతికశాస్త్రంలో నేర్చుకున్న లెక్కే ఇక్కడ పనికొస్తుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. దాన్ని 50 వేలతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది, 7 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అంటే పురుగు సైజు. తరంగం పొడవు పురుగుకన్నా చాలా ఎక్కువైతే ధ్వని దాన్ని పట్టించుకోకుండా చుట్టి వెళ్ళిపోతుంది, ప్రతిధ్వని రాదు. మన మాటల తరంగాలు మీటరు పొడుగుంటాయి. అవి కొండను తగిలి తిరిగి రాగలవు కాని దోమను తగిలి తిరిగి రాలేవు.

ఇంకో లెక్క మీరే చెయ్యండి. పురుగు 1.7 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అరుపు పోవడానికీ రావడానికీ మొత్తం 3.4 మీటర్లు. ఎంతసేపు పడుతుంది? సెకనులో నూరోవంతు. గబ్బిలం మెదడు ఇంత చిన్న వ్యవధిని కొలిచి దూరం తెలుసుకుంటుంది. పురుగు దగ్గరపడేకొద్దీ అరుపులు వేగం పుంజుకుని చివర్లో సెకనుకు 200 దాకా పోతాయి. ఆ తరవాత రెక్కతోనో, తోక దగ్గరి పొరతోనో ఉసిని వలలో చేపలా తోసి నోట్లో వేసుకుంటుంది. గబ్బిలాలన్నీ ఇలాగే చేస్తాయనుకోకండి. మర్రిచెట్లకూ చింతచెట్లకూ పగలంతా వేలాడి రాత్రి పండ్లకోసం పోయే పెద్ద గబ్బిలాలు ప్రతిధ్వనుల మీద ఆధారపడవు. వాటికి పెద్ద కళ్ళూ, మంచి ముక్కూ ఉన్నాయి. గబ్బిలాలకు కళ్ళు కనబడవన్న మాట అసలే తప్పు.

చెయ్యి ఒకటే, పని వేరు

పనిముట్లలో ఇంత తేడా చూశాం. ఇప్పుడు పైతోలు పక్కకు తీసి ఎముకలు చూద్దాం. ముందు మీ చెయ్యి చాపండి. భుజం నుంచి మోచేతి దాకా ఒకటే ఎముక. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు. మణికట్టులో చిన్న చిన్న ఎముకల గుంపు. ఆ తరవాత అరచేయి, అయిదు వేళ్ళు. ఎలుగుబంటి ముంగాలిలోనూ ఇదే వరస. గబ్బిలం రెక్కలోనూ ఇదే వరస! ఎలుగులో వేళ్ళు పొట్టిగా, బలంగా ఉండి చివర పెద్ద గోళ్ళు మొలిచాయి. గబ్బిలంలో బొటనవేలు ఒక్కటీ చిన్న కొక్కెంగా మిగిలిపోయి, తక్కిన నాలుగు వేళ్ళూ గొడుగు కమ్మీల్లా సాగిపోయాయి. వాటిమధ్య పలచని తోలు పరుచుకుంది. మీ వేళ్ళు అదే నిష్పత్తిలో సాగితే రెండు చేతులూ చాచి తరగతి గదిలో నిలబడడానికి చోటు చాలదు.

పక్షి రెక్క ఇలా ఉండదు. దానిలో వేళ్ళు చాలామటుకు కలిసిపోయి కురచబడ్డాయి, రెక్క వెడల్పంతా ఈకలదే. గబ్బిలం అక్షరాలా చేతివేళ్ళతో ఎగురుతుంది. చార్లెస్ డార్విన్ 1859లో తన పుస్తకంలో ఈ చేతి ఎముకల పోలికనే ముఖ్యమైన సాక్ష్యంగా చూపించాడు. గుంట తవ్వే కాలు, ఎగిరే రెక్క, రాసే చెయ్యి ఒకే నమూనాలో ఉన్నాయంటే, ఒకే పూర్వజీవి నుంచి వచ్చాయనే కదా అర్థం? అమెరికాలోని వయోమింగు రాష్ట్రంలో సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్ళనాటి ఒక గబ్బిలపు శిలాజం దొరికింది. 2008లో దాన్ని వర్ణించినప్పుడు తెలిసిందేమిటంటే, దాని అయిదు వేళ్ళకూ గోళ్ళున్నాయి. రెక్క తయారైంది కాని పాత గోళ్ళు ఇంకా రాలిపోలేదన్నమాట.

ఎముకలు బంధుత్వం ఉందని చెబుతాయి గాని ఎంత దగ్గరో కచ్చితంగా చెప్పలేవు. అందుకే శాస్త్రజ్ఞులు చాలాకాలం తికమకపడ్డారు. జంతువులకు రెండు ముక్కల పేర్లు పెట్టిన లిన్నేయస్ 1758లో గబ్బిలాలను ఏకంగా కోతులతోనూ, మనుషులతోనూ కలిపి ఒకే వర్గంలో వేశాడు. రొమ్ము మీద రెండు చనుకట్లు ఉండడం ఆయనకు ముఖ్యంగా తోచింది. గత ముప్ఫై ఏళ్ళలో జీవకణాల్లోని డీఎన్‌ఏ అక్షరాలను పోల్చి చూడడం మొదలయ్యాక చిక్కు చాలావరకు విడిపోయింది. గబ్బిలాలు, ఎలుగూ పులీ కుక్కా ఉన్న మాంసాహారులు, అలుగు, గుర్రం, ఆవు, తిమింగలం, ఇవన్నీ ఒక పెద్ద కుటుంబం. ఎలుక, ఉడుత, కుందేలు, కోతి, మనిషి ఇంకో కుటుంబం. ఎలుక గబ్బిలం చుట్టం కాదు, మన చుట్టం! గబ్బిలానికీ ఎలుగుకూ ఉమ్మడి తాత డైనోసార్లు ఇంకా బతికి ఉన్న కాలంలో నేలమీద పాకులాడిన ఒక చిన్న జంతువని అంచనా. పైకి కనిపించే పోలిక బంధుత్వానికి రుజువు కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వేడి లెక్క, వయసు లెక్క

శరీరం సైజు జంతువు బతుకును ఎలా మారుస్తుందో చూడండి. బరువులో ఎలుగు 25 వేల రెట్లు. కాని పొడవు కొలతల్లో అది దాదాపు 29 రెట్లే, ఎందుకంటే 29ని మూడుసార్లు గుణిస్తే 25 వేలకు దగ్గరగా వస్తుంది. ఒంటి ఉపరితలమో? 29ని రెండుసార్లు గుణించండి, 841 రెట్లు. అంటే ఒక్కొక్క గ్రాము శరీరానికి గబ్బిలానికున్న చర్మం ఎలుగుకున్న దానికి 29 రెట్లు ఎక్కువ. రెక్కల పొర లెక్కలో చేర్చనేలేదు. చర్మంలోంచే వేడి బయటికి పోతుంది కనుక చిన్న జంతువు గుండెనిండా తినాలి, ఎప్పుడూ కాల్చాలి. ఎగిరేటప్పుడు చిన్న గబ్బిలాల గుండె నిమిషానికి వెయ్యిసార్ల దాకా కొట్టుకుంటుంది. పగలు పడుకున్నప్పుడు చాలా గబ్బిలాలు ఒంటివేడిని తగ్గించుకుని ఇంధనం పొదుపు చేస్తాయి.

చలిదేశాల్లో ఈ పొదుపును ఎలుగులూ, గబ్బిలాలూ రెండూ నెలల తరబడి చేస్తాయి. దీన్నే శీతాకాల సుప్తావస్థ అంటారు. అయితే తీరు వేరు. గబ్బిలం శరీరం గుహతో సమానంగా చల్లబడిపోతుంది, సున్నాకు కొద్ది డిగ్రీలు పైన. అమెరికా నల్ల ఎలుగు అలా కాదు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో నిద్రపోతున్న ఎలుగుల గుండె నిమిషానికి 55 నుంచి 14కు తగ్గింది, శరీరం ఖర్చు నాలుగో వంతుకు పడిపోయింది, కాని ఒంటివేడి మాత్రం 30 డిగ్రీల కిందికి దిగలేదు. అంత పెద్ద శరీరం చల్లబడితే మళ్ళీ వేడెక్కించడం మాటలా? మన ఎలుగు మాత్రం ఈ నిద్ర పోదు. ఇక్కడ చలి కాని, ఆకలి కాని అంత లేదు. చెదలు ఏడాది పొడుగునా ఉంటాయి, మధ్యలో ఇప్పపూలు, నేరేళ్ళు, తునికి పండ్లు, రేగుపండ్లు.

పిల్లల విషయంలో తేడా తలకిందులు. 70 కిలోల తల్లి ఎలుగుకు పుట్టిన పిల్ల అరకిలో కూడా ఉండదు. కళ్ళు తెరవని ఆ పిల్లలను తల్లి గుహలోనే ఉంచి, రెండు మూడు నెలలు వచ్చాక వీపున ఎక్కించుకుని బయటికి తెస్తుంది. ఎలుగుబంట్లన్నిటిలోనూ పిల్లల్ని ఇలా వీపున మోసుకు తిరిగేది ముఖ్యంగా మన ఎలుగే. ఆ పొడుగాటి జూలు పట్టుకుని పిల్లలు నెలల తరబడి సవారీ చేస్తాయి. గబ్బిలం పిల్ల పుట్టేటప్పటికే తల్లి బరువులో దాదాపు నాలుగోవంతు! 60 కిలోల అమ్మకు 15 కిలోల పాప పుట్టినట్టు. సగం పెరిగిన రెక్కతో ఎగరడం కుదరదు కాబట్టి పిల్ల దాదాపు తల్లంత అయ్యేదాకా పాలు తాగుతూనే ఉంటుంది.

చిన్న జంతువులకు ఆయుష్షు తక్కువని మీరు విని ఉంటారు. ఎలుక రెండు మూడేళ్ళు బతికితే గొప్ప. ఎలుగు జంతుప్రదర్శనశాలలో 40 ఏళ్ళ దాకా బతకగలదు. మరి గబ్బిలం? సైబీరియాలో గుర్తు వేసి వదిలిన ఒక గబ్బిలం 41 ఏళ్ళ తరవాత మళ్ళీ దొరికింది. బరువు 7 గ్రాములు, వయసు ఎలుగుబంటితో సమానం! ఎగరగలగడం వల్ల శత్రువులు తక్కువ కావడం ఒక కారణం. శరీర మరమ్మతు విషయంలో కూడా గబ్బిలాల కణాలకు ఏవో ప్రత్యేకతలున్నాయని పరిశోధన సాగుతోంది.

ఇక ఈ చుట్టాలిద్దరినీ మనం ఎలా చూశామో చెప్పకుండా వదలడం న్యాయం కాదు. ఎలుగు పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి దొంగిలించి, కాల్చిన సూదితో ముక్కు పొడిచి, పళ్ళు ఊడగొట్టి, తాడు కట్టి ఆడించేవారు. జ్వరం భయం పోతుందని పసిపిల్లల్ని ఆ ఎలుగు మీద ఎక్కించేవారు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టేవారు. ఎలుగు వెంట్రుకకు జ్వరం తగ్గేటట్లయితే ఎలుగులకు జబ్బులే రాకూడదు. ఆడించేవాళ్ళకు వేరే జీవనోపాధి చూపించడంతో 2009 చివరికి మన దేశపు వీధుల్లో ఈ ఆట దాదాపు ఆగిపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగుకు రక్షణ ఇచ్చింది. అదే చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలూ కాకుల సరసన హానికర జంతువుల జాబితాలో వేసింది. ఎవరైనా, ఎన్నయినా చంపవచ్చు. ఆ జాబితాను తీసెయ్యడానికి 2022 సవరణ దాకా పట్టింది.

గబ్బిలాలు పోతే ఏమవుతుంది? అమెరికాలో 2006లో గుహల్లో ఒక బూజు కనిపించింది. అది చలినిద్రలో ఉన్న గబ్బిలాల ముక్కుల మీదా రెక్కల మీదా పెరిగి వాటిని పదే పదే లేపుతుంది. లేచినప్పుడల్లా దాచుకున్న కొవ్వు ఖర్చయిపోయి, వసంతం రాకముందే ఆకలితో చనిపోతాయి. లక్షలకు లక్షలు పోయాయి. గబ్బిలాలు తగ్గిన జిల్లాల్లో రైతుల పురుగుమందుల వాడకం సుమారు 31 శాతం పెరిగిందని 2024లో ఒక పరిశోధన లెక్కగట్టింది.

వైరసుల మాట కూడా నిజమే. 2018లో కేరళలో వచ్చిన నిఫా వైరసుకు పెద్ద గబ్బిలాలు ఆశ్రయం. దానికి మందు చెట్లు నరకడం కాదు. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, కిందపడిన గబ్బిలాన్ని చేత్తో ముట్టకూడదు, రాత్రంతా మూత లేకుండా చెట్టుకు వేలాడిన ఈతనీరు పచ్చిగా తాగకూడదు. ఇంట్లోకి ఒకటి దారితప్పి వస్తే దీపం ఆర్పి కిటికీలు తెరవండి, దానంతటదే పోతుంది. ఏ కారణం చేతనైనా కరిస్తే పుండును సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎలుగు దగ్గర జాగ్రత్త వేరు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున మనుషులూ ఎలుగులూ ఒకే చెట్టు కిందికి చేరుకుంటారు. ఉద్దానంలో జీడిమామిడి తోటల్లోకి కూడా ఎలుగులు వస్తున్నాయి, మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. దానికి మనిషిని తినే కోరిక లేదు. చూపూ వినికిడీ తక్కువ కాబట్టి మనం బాగా దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు, తెలిసేసరికి బెదిరి మీద పడుతుంది. అందుకే మీలో అడవి అంచున ఉన్నవాళ్ళు ఒంటరిగా, చప్పుడు లేకుండా వెళ్ళకండి. నలుగురు కలిసి పెద్దగా మాట్లాడుకుంటూ, కర్ర నేలమీద కొట్టుకుంటూ వెళ్ళండి. గాలి మీ వైపు నుంచి అటు వీస్తుంటే మీ వాసన ముందే చేరి అది తప్పుకుంటుంది. గాలి ఎదురుగా ఉన్నప్పుడు చప్పుడు ఇంకా ఎక్కువ చెయ్యండి.